ఖర్కాయిలో నిలబడ్డ గుర్రం

ఈ చలికాలం నా కుడి మోకాలు నన్ను బాగా సతాయించింది. టాటానగర్ సీతారాండేరాలో మా పక్క వీధి అమ్మాయి ఒకతి ఈమధ్యే ఫిజియోథెరపీ చదువు పూర్తిచేసింది. వాళ్ళ తాత, మా నాన్న రైల్వేలో కలిసి పనిచేసినవాళ్ళు. ఆ చనువుతో రోజూ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ మా ఇంట్లో ఆగి, నా మోకాలికి తైలం రాసి, కట్టు కట్టి వెళ్ళేది. నేను తెలుగులో మాట్లాడితే ఆ పిల్ల హిందీలో జవాబిస్తుంది. ఈ ఊళ్ళో ఆ వయసు పిల్లలందరూ అంతే. నాకు అలవాటైపోయింది.

ఒకరోజు కొత్త సీసా తెచ్చింది. మూత తియ్యగానే కర్పూరం, టర్పెంటైను కలిసిన ఘాటు గుప్పుమని కొట్టింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటుకని ఆ పిల్ల అనుకుంది. కట్టు చుట్టి పిన్ను పెట్టబోతుంటే అప్రయత్నంగా చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగమ్మా. కట్టు కింద ఒక వేలు దూరాలి. దూరకపోతే బిగుసుకుపోయినట్టు."

"అరే వాహ్ ఆంటీ! ఆప్ నర్స్ థీ నా, ఇసీలియే" అంది నవ్వుతూ.

నర్సునే. రిటైరయ్యేదాకా ఈ ఊరి ఆసుపత్రిలో లెక్కలేనన్ని కట్లు కట్టాను. కానీ వేలు దూర్చి చూడమని నాకు నేర్పింది ఆసుపత్రి కాదు, మా పెదనాన్న. ఆయన కట్లు కట్టింది గుర్రాలకి. ఆ సాయంత్రం ఆ పిల్ల వెళ్ళిపోయాక, గదిలో ఆ వాసన పోకుండా కిటికీలు మూసుకొని కూర్చున్నాను.

మేమప్పుడు టాటానగర్ స్టేషను వెనక రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న లోకోషెడ్డులో ఫిట్టరు. మా లైన్లో సగం ఇళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళవే. పొద్దున్నే ఉక్కు కంపెనీ భోంగా కూతకి లేవడం, బొగ్గుపొయ్యిల పొగ, నాన్న చొక్కాకి అంటుకున్న ఇంజను నూనె వాసన, ఇదీ మా లోకం. అందులోకి పెదనాన్న ఏడాదికోసారి కలకత్తా నుంచి వేరే వాసన మోసుకొచ్చేవాడు. ఎండుగడ్డి, తోలు, గుర్రపు చెమట. మా నాన్నమ్మ ఆయన్ని గుమ్మం తొక్కనిచ్చేది కాదు.

"ముందా కొళాయి కింద కూకో. నీ ఒంటిమీదున్న గుర్రాన్ని కడిగీసి, అప్పుడు లోపలికి రా" అనేది.

ఆయన నవ్వుతూ వెళ్ళి కొళాయి కింద కూర్చునేవాడు. సన్నటి మనిషి, దొడ్డికాళ్ళు. గొంతు ఎప్పుడూ పైకి లేచేది కాదు. పెళ్ళి చేసుకోలేదు. కలకత్తా రేసుకోర్సులో గుర్రాలని తోమడం దగ్గర మొదలుపెట్టి, ఎన్నో ఏళ్ళకి వాటిని పందేలకి తయారుచేసే ట్రైనరు అయ్యాడు.

నిజానికి ఆయన అక్కడికి గుర్రాల కోసం వెళ్ళలేదు. ఊళ్ళో పంటలు పోయిన రోజుల్లో జనంతో పాటు కలకత్తా రేవులో మూటలు మొయ్యడానికి వెళ్ళాడు. ఒకనాడు ఓడలోంచి గుర్రాలని దించుతున్నారట. పొట్ట కింద పెద్ద పట్టా వేసి, క్రేనుతో గాల్లోకి లేపి, గట్టుమీదకి దింపుతున్నారు.

"గాల్లో నాలుక్కాళ్ళూ యేలాడేసుకోని అది నాకేసి సూసిందే" అని చెప్పేవాడు నాకు. "అంత పెద్ద జంతువు, సంటిపిల్లలాగ బెదిరిపోయింది. నేలమీద దిగినాక కూడా వణుకుతానే ఉంది. నాను మూట పక్కన పడేసి, ఎల్లి దాని మెడమీద సెయ్యేసినాను."

మేస్త్రీ తిడుతూనే ఉన్నాడు. గుర్రాలని తోలుకెళ్ళడానికి వచ్చిన ముసలి సయీసు మాత్రం, అంటే గుర్రాలని చూసుకునే మనిషి, ఆయన్ని కాసేపు గమనించి, "దాన్ని అలాగే నడిపించుకొని నా వెనకాల రా" అన్నాడట. నడిపించుకుంటూ వెళ్ళాడు. మళ్ళీ రేవు మొహం చూడలేదు.

ఈ కథ నేను అన్నం తినేటప్పుడల్లా చెప్పించుకునేదాన్ని. "గాల్లో అది కాళ్ళు ఎలా ఆడించింది పెదనాన్నా?" అని అడిగితే, తింటున్న చేత్తోనే చూపించేవాడు. నాన్నమ్మ విసుక్కునేది. "ఆ గుర్రాలకి సేసిన సాకిరీ ఒక పెళ్ళానికి సేసుంటే, నా ఇల్లు నిండా మనవలుండేవోరు."

ఒక ఏడాది మాఘమాసం చివర్లో ఆయన ఒంటరిగా రాలేదు. గుర్రాన్ని వెంటబెట్టుకొని వచ్చాడు.

అది జేగురు రంగు ఆడగుర్రం. నుదుటిమీద పాలచుక్క పడ్డట్టు తెల్లమచ్చ. కలకత్తాలో రెండు శీతాకాలాలు దానికి ఎదురులేకపోయిందని నాన్న చెప్పాడు. మూడో ఏడు ముందుకాలిలో, మోకాలి కింద వెనకవైపు తాడులా దిగే పెద్ద నరం దెబ్బతింది. డాక్టరు చూసి, ఇక పరుగు కష్టం అన్నాడు. దాని యజమాని ఒక తేయాకు వ్యాపారి. పెదనాన్నని నమ్మి గుర్రాలు అప్పగించినవాళ్ళలో చివరికి మిగిలింది ఆయన ఒక్కడే. కుంటిగుర్రానికి రేసుకోర్సులో చోటుండదు కాబట్టి దీన్ని పెళ్ళి ఊరేగింపులవాళ్ళకి ఇచ్చేద్దాం అన్నాడట ఆయన. పెదనాన్న బతిమాలాడు. వానలు వెళ్ళేదాకా నాకు వదిలెయ్యండి, శీతాకాలం పందేలకి నిలబెడతాను అని మాటిచ్చి, మిగతా గుర్రాలని తన కిందివాళ్ళకి అప్పజెప్పి, దీన్ని రైలెక్కించుకొని తమ్ముడున్న ఊరికి తెచ్చాడు.

గూడ్సు సైడింగులో పెట్టె తలుపు తెరిచేసరికి మా లైనంతా అక్కడే ఉంది. చెక్కపలక వాలుగా వేశారు. గుర్రం తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. చెవులు నిక్కబొడుచుకొని, ముక్కుపుటాలు పెద్దవి చేసి, దూరంగా బుసకొడుతున్న ఇంజనుకేసి చూస్తోంది. "లాగండి, తాడు లాగండి" అని మగాళ్ళంతా అరుస్తున్నారు. పెదనాన్న తాడు వదులు చేసి, దానివైపు వీపు పెట్టి, ఏమీ పట్టనట్టు నిలబడ్డాడు.

"దాని ఊరు కాదు కదేటి ఇది" అన్నాడు నెమ్మదిగా. "సూసుకోనీండి."

జనం విసిగిపోయి సగం మంది వెళ్ళిపోయారు. అప్పుడది ఒక్కొక్క గిట్టే పలకమీద పెడుతూ దిగివచ్చి, వెనకనుంచి ఆయన భుజంమీద మూతి ఆనించింది. నేనప్పటికి గుర్రాన్ని అంత దగ్గరగా చూడలేదు. వాళ్ళిద్దరూ అలా నిలబడి ఉంటే, ఎవరు ఎవర్ని తీసుకొచ్చారో తెలియలేదు నాకు.

దానికి పందేల్లో ఏదో పెద్ద ఇంగ్లీషు పేరుండేది. పెదనాన్న "అమ్మడూ" అని పిలిచేవాడు. నన్నూ అలాగే పిలిచేవాడు. ఆయన పిలిస్తే ఇద్దరం తలెత్తేవాళ్ళం.

మా క్వార్టర్లకి దగ్గర్లోని జుగ్సలాయి బజారులో ఒక మార్వాడీ సేఠ్ తన ధాన్యం గోదాము వెనక పెరడు ఇచ్చాడు. నాన్నకి ఆయన సరుకుల వ్యాగన్ల దగ్గర పరిచయం. పెదనాన్న అక్కడే రేకులు దింపి, గడ్డి పరిచి, గుర్రం పక్కనే తనూ నులకమంచం వేసుకున్నాడు. ఇంట్లో మా అమ్మకి కొత్త పని పడింది. రోజూ పెద్ద కుండలో ఉలవలు ఉడకాలి. ఉలవలు గుర్రానికి, ఉలవకట్టు చారుకి. "పలుకు గుర్రానికి, పులుసు మొగుడికి" అని అమ్మ నవ్వేది. ఉలవలు ఉడికే ఆ మట్టివాసన మా ఇంటి గోడలకి పట్టేసింది. ఆ గిన్నె మోసుకెళ్ళేది నేను. దారిలో గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. "గుర్రం తిండి తింటే తోక మొలుత్తాది" అని మా లైను పిల్లలు ఏడిపించేవాళ్ళు. అప్పుడప్పుడూ వెనక్కి తడుముకొని చూసుకున్న మాట వాస్తవం.

బడికి ముందు రోజూ నదికి వెళ్ళేవాళ్ళం. జుగ్సలాయి సందుల్లో అప్పుడే కచోరీల నూనె కాగుతుండేది, ఇంగువ వాసన వీధంతా. మూటలు దించే కూలీలు పక్కకి జరిగి దారిచ్చేవాళ్ళు. ఖర్కాయి ఒడ్డున పెదనాన్న పంచె పైకి కట్టి, గుర్రంతో పాటు మోకాలిలోతు నీళ్ళలోకి దిగేవాడు. చల్లటి ప్రవాహం ఆ దెబ్బకాలిని రుద్దుకుంటూ పోయేది. అంత పరుగుల గుర్రం, కదలకుండా అలా నిలబడేది. ఆయనా నిలబడేవాడు.

"నీళ్ళు రుద్దినట్టు మనం రుద్దలేమే" అనేవాడు.

అక్కడే నాకు చెయ్యి పెట్టడం నేర్పాడు. "ముందు మాటాడు. నువ్వొత్తన్నావనీసి దానికి తెలియాల. యెనక నుంచి ఎప్పుడూ ఎల్లకు. భుజం మీద సెయ్యేసి, అక్కణ్ణించి కిందకి రా. సెయ్యి తియ్యకూడదు." అలా వంగి నేను కాలిదాకా వస్తే, "మంచికాలు ముందు ముట్టుకో. తరవాత దెబ్బకాలు. కళ్ళు మూసుకో. ఏటి తేడా తెలిసింది?"

మొదట్లో నాకేమీ తెలిసేది కాదు. రెండూ గుర్రం కాళ్ళే. కొన్నాళ్ళకి, దెబ్బకాలు వేడిగా ఉన్న రోజు అరచేతికి తెలియడం మొదలైంది. వేడి ఉన్న రోజు ఇంకాస్త నీళ్ళలో నిలబెట్టేవాడు. లేని రోజు నడిపించేవాడు. ఆ నడక కూడా దాని ఇష్టమే. తర్వాత కర్పూరం, టర్పెంటైను, ఆవనూనె కలిపిన తైలం రాసి, కట్టు కట్టి, "వేలెట్టు" అనేవాడు. నా వేలు దూరితేనే కట్టు బాగున్నట్టు.

ఆయన పెట్టిన నియమాల్లో నాకు నచ్చనిది ఒకటే, గుర్రానికి బెల్లం పెట్టకూడదు. సేఠ్ వాళ్ళ ముసలితల్లికీ అది నచ్చలేదు. ఇంటికొచ్చిన ఆడపిల్ల నోరు తీపి చెయ్యకపోతే ఎలా అని ఆవిడ బాధ. ఆవిడ కొంగుచాటున బెల్లంముక్క తెచ్చి నా గౌను జేబులో వేసేది. నేను అటూ ఇటూ చూసి గుర్రానికి పెట్టేదాన్ని. కొన్నాళ్ళు బాగానే సాగింది. ఒకరోజు పెదనాన్న ఎదుటే అది నేరుగా నా దగ్గరికి వచ్చి, మూతి జేబులో దూర్చి, లేని బెల్లం కోసం జేబు చింపేసింది. ఆయన చిరిగిన జేబు చూశాడు, గోదాము గుమ్మంలో నిలబడి ఆకాశంకేసి చూస్తున్న ముసలావిణ్ణి చూశాడు. మర్నాటి నుంచి నదిలోంచి వచ్చాక ఒక చిన్నముక్క ఆయనే మా చేతికిచ్చి పెట్టించేవాడు.

ఇంకో సంగతి నాకు బాగా గుర్తు. సాయంత్రాలు కంపెనీలో ఇనుము కరిగించగా మిగిలిన కాలే మడ్డి పారబోస్తే ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడేది. ఈ ఊరి పిల్లలకి అది దీపం వెలిగినంత మామూలు. గుర్రం మొదటిసారి చూసి తాడు తెంపుకోబోయింది. కళ్ళు తెల్లగా తిప్పి, వెనక్కాళ్ళమీద లేచింది. పెదనాన్న దాని ఎదురుగా వెళ్ళలేదు. పక్కన నిలబడి, తనూ ఆ ఎరుపుకేసి చూస్తూ, మా నాన్నమ్మ పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడు తీసే కూనిరాగం తీశాడు. ఎరుపు తగ్గేదాకా తీస్తూనే ఉన్నాడు. నాలుగైదు సాయంత్రాలు అలా గడిచాక, అదీ మాలాగే ఆకాశం ఎర్రబడితే తలెత్తి చూసి మళ్ళీ గడ్డిలో మూతి పెట్టడం నేర్చుకుంది.

నాన్నమ్మ మాత్రం ఎండాకాలమంతా జుగ్సలాయి వైపు రాలేదు. తన కొడుకుని ఎత్తుకుపోయిన జాతి అని ఆవిడ కోపం. వానలు మొదలయ్యాక ఒకరోజు, కట్లకి గుడ్డ చాలడం లేదని అమ్మ అనడం విని, తన పాత నూలుచీరలు రెండు చింపి పట్టీలు చుట్టి, వాటిని పట్టుకొని నాతో బయల్దేరింది. పెరట్లో దూరంగా పీట వేసుకొని కూర్చుంది. గుర్రం ఆవిణ్ణి కాసేపు చూసి, నడిచివచ్చి, తలమీద మూతి పెట్టి గట్టిగా ఊపిరి వదిలింది. ముడి విడిపోయి తెల్లజుట్టంతా లేచింది.

"ఓలమ్మ! నా తల ఆరబెడతందేటి ఇది?" అంది నాన్నమ్మ. ఆ తర్వాత దాని మూతిని రెండు చేతుల్తో పట్టుకొని చాలాసేపు చూసి, కొడుకుతో అంది, "కళ్ళు మంచివిరా. నీ తప్పేటి నేదులే."

పెదనాన్న అప్పుడు గడ్డి సర్దే వంకతో అటు తిరిగిపోయాడు.

వానలు వెనకబట్టాయి. నది ఒడ్డున రెల్లు పూసి తెల్లగా ఊగుతోంది. దుర్గాపూజ పందిళ్ళకి వెదుళ్ళు దిగుతున్నాయి. గుర్రం అప్పటికి నడక దాటి, చిన్న పరుగు దాటి, బాగా తేరుకుంది. ఒళ్ళు నిగనిగలాడేది. శీతాకాలం పందేలు దగ్గరపడుతున్నాయని యజమాని కలకత్తా నుంచి స్వయంగా వచ్చాడు. తెల్లటి పంచె, మెరిసే బూట్లు, చేతిలో సందేశ్ మిఠాయి పెట్టె. మంచి మనిషే. వస్తూనే గుర్రం నుదురు నిమిరాడు.

రైల్వే మైదానంలో పొద్దున్నే పరుగు పెట్టించారు. పెదనాన్నే ఎక్కాడు. యాభై దాటిన మనిషి, జీనుమీద కూర్చోగానే నాకు తెలియని కుర్రాడెవరో అనిపించాడు. మొదట మెల్లగా ఒక చుట్టు. తర్వాత ఆయన ముందుకి వంగి ఏదో అన్నాడు దాని చెవిలో. అంతే. ఆ పరుగు నేను ఇప్పటికీ చెప్పలేను. చప్పుడు ముందు వచ్చింది, నా అరికాళ్ళకింద నేలలోంచి. తర్వాత జేగురు రంగు ఒకటి నా ముందునుంచి పోయింది. దానికి అంత ఆనందం లోపల ఉన్నట్టు, ఇన్ని నెలలూ నీళ్ళలో నిలబడి దాన్ని దాచుకున్నట్టు నాకెలా తెలుస్తుంది? యజమాని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. నేను మాత్రం చప్పట్లు కొట్టలేదు. అంత బాగా పరిగెడితే ఇక అది వెళ్ళిపోతుంది.

యజమానికి నాన్న టీ పోస్తున్నాడు. పెదనాన్న గుర్రాన్ని మైదానం చివర చల్లబడేదాకా నడిపించి, వంగి కాలిమీద చెయ్యి పెట్టాడు. తీసి, మళ్ళీ పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"అమ్మడూ, ఇలా రా."

గుర్రం ఆయన పక్కనే ఉంది. పిలిచింది నన్నే. వెళ్ళాను.

"కళ్ళు మూసుకో. మంచికాలు ముందు."

భుజం నుంచి కిందకి వచ్చాను. మంచికాలు చూసి, దెబ్బకాలికి మార్చాను. నరం పక్కన, నా బొటనవేలంత చోట, చిన్న వెచ్చదనం.

"ఏటి తెలిసిందే?"

"వేడిగా ఉంది పెదనాన్నా. కొంచెమే. ఇక్కడ."

ఆయన నా మొహంలోకి చూశాడు. "నిజం సెప్పు. అది కలకత్తా ఎల్లిపోకూడదనీసి అంతన్నావా? నిజంగా వేడుందా?"

"రెండూను" అన్నాను.

ఆయన తలూపాడు. "నాకయితే అది పరిగెట్టాలనుంది. సచ్చేటంత ఉంది. అందుకే నా సెయ్యి నన్ను మోసం సేత్తందేమో, ఉన్న వేడిని తగ్గించి సూపిత్తందేమో అనీసి నిన్నడిగినాను. నీకు అటు కోరిక, నాకు ఇటు కోరిక. ఇద్దరికీ వేడి తగిలింది."

లేచి, తాడు నా చేతికిచ్చి, యజమాని దగ్గరికి నడిచాడు. గుర్రమూ నేనూ వెనకాలే వెళ్ళాం. ఆ పెద్దమనిషి బెంగాలీ కలిసిన హిందీలో మాట్లాడాడు, పెదనాన్నా అలాగే. అర్థమైనంత మన మాటల్లో చెబుతున్నాను.

"బాబూ, ఇది పరిగెడుతుంది. కానీ పరిగెట్టించకూడదు."

యజమాని నవ్వాడు, వేళాకోళం అనుకొని. "గాలిలా పోయింది కదయ్యా, నా కళ్ళతో చూశాను."

"ఒక పందెం పోతుంది. రెండోదీ పోతుందేమో. తర్వాత ఒకనాడు అందరి ముందూ ఆ కాలు విరుగుతుంది. కాలు విరిగిన గుర్రాన్ని ఏం చేస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

ఆ పెద్దమనిషి మొహంలో నవ్వు పోయింది. తెల్లపంచె తడిగడ్డికి ఆనుతున్నా లెక్కచెయ్యకుండా వంగి, తనూ కాలు ముట్టుకొని చూశాడు. "నాకేమీ తెలియడం లేదు. వేరే ట్రైనరుని పిలిస్తే బ్రహ్మాండంగా ఉంది అంటాడు."

"అంటాడు బాబూ. ఈరోజు ఎవరు చూసినా అదే అంటారు."

"మరి నిన్నెలా నమ్మమంటావు?"

"ఇది గెలుస్తుంది అని నేను చెప్పిన రోజున నమ్మారు కదా బాబూ. అదే నోరు ఇప్పుడు ఈ మాట చెబుతోంది."

యజమాని గుర్రంకేసి ఒకసారి చూసి, స్టేషనుకి వెళ్ళిపోయాడు. మిఠాయి పెట్టె మైదానం గోడమీదే ఉండిపోయింది. మేమెవరమూ దాన్ని ముట్టుకోలేదు.

ఇంటికొచ్చాక నాన్న ఉండబట్టలేకపోయాడు. "అన్నయ్యా, అంత సన్నపాటి వేడికి ఎందుకు సెప్పీసినావు? ఇది పోతే నీకింక కలకత్తాలో గుర్రం ఉండదు. ఇన్నేళ్ళ కష్టం కదేటి?"

"నా సెయ్యి దాని కాలు మీదుంది తమ్ముడూ" అన్నాడు పెదనాన్న. "అది నన్ను సూత్తంది. ఏటి సెయ్యమంతావు?"

పూజ రోజుల్లో ఢాక్ డప్పులు మోగుతుంటే మాకు పండగ లేదు. సైడింగులో గూడ్సు ఆగినప్పుడల్లా గుర్రాల పెట్టె తగిలించుకొచ్చిందేమోనని నేను పరిగెత్తుకెళ్ళి చూసేదాన్ని. పెదనాన్న మాత్రం ఎప్పటిలాగే నదికి తీసుకెళ్ళడం, తోమడం, కట్టు కట్టడం. దాన్ని ఎవరికి ఇచ్చినా, ఇచ్చే రోజుదాకా తన పని తను చెయ్యాలి అన్నట్టు.

పండగ వెళ్ళాక కలకత్తా నుంచి గుమాస్తా వచ్చాడు. గోదాము పెరట్లో నిలబడి, చెప్పమన్నది చెప్పేసి, తిరుగు రైలు అందుకోవాలన్న తొందరలో, రెండు మాటలూ ఒక్క గుక్కలో చెప్పాడు. బాబు తన గుర్రాలన్నిటినీ వేరే ట్రైనరుకి అప్పగించారు. ఈ గుర్రాన్ని నీకు ఇచ్చేశారు.

పెదనాన్న కలకత్తా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఏ మాటకి దణ్ణం పెట్టాడో నాకప్పుడు తెలియలేదు. రెండింటికీ అని ఇప్పుడనుకుంటాను.

"ఇప్పుడేటి సేత్తావు అన్నయ్యా?" అన్నాడు నాన్న మెల్లగా.

"దీనికి స్నానం సేయించాల" అన్నాడు పెదనాన్న. "పొద్దెక్కిపోతంది."

ఆ రోజు స్నానం అయ్యాక, ఒళ్ళింకా తడిగా ఉండగానే, ఆయన నన్ను రెండు చేతుల్తో ఎత్తి దాని వీపుమీద కూర్చోబెట్టాడు. జీను లేదు. కాళ్ళకింద వెచ్చగా, ఊపిరితో పాటు పెరిగి తగ్గే ఒళ్ళు. జూలు పట్టుకోమన్నాడు. అమ్మ అరుస్తుందేమో అనుకున్నాను. ఉలవల గిన్నె చంకలో పెట్టుకొని నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. జుగ్సలాయి బజారంతా తిప్పి తీసుకొచ్చాడు. అంత ఎత్తునుంచి నా ఊరిని నేనెప్పుడూ చూడలేదు. మూటల మీద మూటలు, రేకుల కప్పులు, దూరంగా కంపెనీ పొగగొట్టాలు, వాటిమీద శరత్కాలపు ఆకాశం.

పెదనాన్న మళ్ళీ కలకత్తాలో ఉద్యోగం చూసుకోలేదు. జుగ్సలాయి టాంగావాళ్ళు పుండ్లు పడ్డ గుర్రాలని ఆయన దగ్గరికి తెచ్చేవాళ్ళు. తర్వాత ఊళ్ళో పిల్లలకి గుర్రపుస్వారీ నేర్పే చోట పనికి పిలిచారు. ఆయనతో పాటు అమ్మడూ వెళ్ళింది. ఆఫీసర్ల పిల్లలూ, మా లైను పిల్లలూ దాని వీపుమీదే భయం పోగొట్టుకున్నారు. బెదిరిన పిల్లలు ఎక్కితే అది అడుగు కూడా కదిలేది కాదు, ఆ పిల్లల వణుకు తగ్గేదాకా. చాలా ఏళ్ళు బతికింది. ఒక చలికాలం ఉదయం, గడ్డిలో పడుకొని, ఆయన ఒళ్ళో తల పెట్టి వెళ్ళిపోయింది. ఆయన ఏడవలేదు. దాని కాళ్ళు నాలుగూ ఒక్కొక్కటే నిమిరాడు.

నేను నర్సునయ్యాక, ఏ రోగి దగ్గరికి వెళ్ళినా ముందు మాట్లాడి, తర్వాత భుజంమీద చెయ్యి వేసేదాన్ని. "సిస్టర్ చెయ్యి మంచిది" అనేవారు. ఆ మెప్పు ఎవరిదో నాకు తెలుసు. ఇంటికొచ్చి ఆయనకి చెబితే, "సెయ్యి తియ్యకుండా కిందకి దిగినావా?" అని అడిగేవాడు, అదొక్కటే.

ఆయన చివరి రోజుల్లో ఒకసారి కలకత్తా చూడాలన్నాడు. నేనే తీసుకెళ్ళాను. రేసుకోర్సులో ఆయన్ని గుర్తుపట్టేవాళ్ళెవరూ లేరు. మామూలు జనంతో పాటు కంచె పట్టుకొని నిలబడ్డాం. పందెం మొదలైంది. జనం ఊగిపోతున్నారు, కేకలు, గెలిచిన గుర్రం పేరు నాలుగు దిక్కులా. నేనూ ఎగిరి చూస్తున్నాను. పక్కకి తిరిగితే పెదనాన్న గెలిచినదాన్ని చూడ్డమే లేదు. అందరికంటే వెనకపడి, ఎవరూ పట్టించుకోకుండా వస్తున్న ఒక నల్లగుర్రం మీద ఉంది ఆయన చూపు. అది గీత దాటింది. మెల్లగా నడకలోకి దిగింది. ఆయన దాని ఒక్కొక్క అడుగూ చూస్తున్నాడు, కంచె మీద వేళ్ళు బిగించి. అది మా ముందునుంచి నడిచి, లోపలికి వెళ్ళిపోయాక, గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఒచ్చీసినాయే" అన్నాడు నా చెయ్యి పట్టుకొని, పందెం ఆయనే గెలిచినంత సంతోషంగా. "అన్నీ నాలుక్కాళ్ళ మీదా ఇంటికొచ్చీసినాయి."